అక్క ఒడిలోని చిన్న ల్యాప్‌టాప్

ఆ ల్యాప్‌టాప్ కోసం కరీంనగర్‌లో మూడు దుకాణాలు తిరిగాను. ఎక్కడికి వెళ్ళినా మొదటి ప్రశ్న ఒకటే: ఆఫీసు పనికా, పిల్లల చదువుకా? నేను జవాబు చెప్పకుండా ల్యాప్‌టాప్‌ను ఒంటి చేత్తో ఎత్తి చూసేదాన్ని. కాసేపు నడిపించమని అడిగి, దాని అడుగున అరచేయి పెట్టి వేడెక్కుతోందా లేదా చూసేదాన్ని. మూడో దుకాణం ఆయన నవ్వాడు.

"ఏంది మేడం, సొరకాయ కొన్నట్టు జూస్తున్నరు?"

నాకూ నవ్వొచ్చింది. కానీ నేను చూడాల్సింది అదే. ఆ వస్తువు మా అక్క తొడల మీద రోజంతా ఉండాలి. బరువైతే ఆమె కాళ్ళు మొద్దుబారిపోతాయి. వేడెక్కితే పక్కకు జరుపుకునే శక్తి ఆమెకు లేదు, జరపమని చెప్పడానికి మాట కూడా లేదు.

అక్క సర్కారు బస్సులో కండక్టర్. కరీంనగర్, హుజూరాబాద్ మధ్య తిరిగే బస్సులో పదకొండేళ్ళు టికెట్లు కొట్టింది. ఆమెది పెద్ద గొంతు. "మానకొండూర్ దిగేటోళ్ళు ముందలికి రాండ్రి" అని ఒక్క కేక వేస్తే వెనక సీట్లో నిద్రపోతున్నవాళ్ళు లేచి సంచులు వెతుక్కునేవాళ్ళు. ఆదివారం ప్రార్థనలో పాట ఎత్తుకునేది కూడా అక్కే.

జబ్బు ముందు ఆ గొంతులోకే వచ్చింది. ఊరి పేరు చెప్పబోతే నాలుక మడతపడేది. బస్సులో ఎవరో పెద్దాయన "పొద్దుగాల్నే ఏసుకొచ్చినవా ఏందమ్మా" అన్నాడట. ఆ రోజు ఇంటికి వచ్చి ఆ సంగతి నాకు మూడుసార్లు చెప్పింది. మూడోసారికి గానీ నాకు అర్థం కాలేదు.

హైదరాబాద్ దాకా తిరిగితే తేలింది, కండరాలను నడిపించే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బని. మందు లేదని ఎవరూ నేరుగా అనలేదు. జాగ్రత్తగా చూసుకోండి అన్నారు. బావ మస్కట్‌లో లారీ నడుపుతాడు. వాళ్ళకు పిల్లలు లేరు. నేను అక్క దగ్గరే ఉండి, పెళ్ళిపత్రికలూ కరపత్రాలూ తయారుచేసే దుకాణంలో టైపింగ్ పని చేసేదాన్ని. చూసుకునేది నేనే.

ఏడాది తిరిగేసరికి అక్క మాట పూర్తిగా పోయింది. కాళ్ళు పోయాయి. చేతుల్లో కొంచెం జీవం మిగిలింది. ఫోన్‌లో రాయమంటే అక్షరాలు మరీ చిన్నవి. టచ్ తెరలున్నవి ప్రయత్నిస్తే వేలు ఆనించిన చోటల్లా ఏదో ఒకటి తెరుచుకునేది. ఆమె వేలు ముందు మీట మీద వాలి, కాసేపు ఆగి, ఆ తర్వాత నొక్కాలి. వాలినంత మాత్రాన పని జరగకూడదు. అంటే నిజమైన మీటలున్న కీబోర్డే కావాలి.

చివరికి దొరికింది మా దుకాణంలోని పెళ్ళిపత్రిక కంటే కాస్త పెద్దది. తెర జానెడు దాటి నాలుగు వేళ్ళు. బరువు కిలో లోపే. లోపల ఫ్యాన్ లేదు కాబట్టి చప్పుడు లేదు, వేడి కూడా లేదు. ఫోన్ చార్జర్‌తోనే చార్జింగ్ అవుతుంది. నిండా పెడితే కొత్తలో ఎనిమిది గంటలు వచ్చేది. దుకాణం ఆయన మాత్రం ముందే చెప్పాడు:

"మేడం, గిది చిన్న పానం. దీని మీద ఎక్కువ పెట్టకుండ్రి. ఒక్క పని జెప్తే చేస్తది, నాలుగు పనులు ఒక్కసారే జెప్తే ఆగమైతది."

మాకు కావాల్సింది ఒక్క పనే. అక్క రాసింది అది పైకి చదవాలి. రాసింది పైకి చదివే ఏర్పాటు ఒకటి నెట్‌లో దొరికితే పెట్టాను. నెట్ ఉంటేనే అది మాట్లాడుతుంది. వార్తలు చదివే ఆమె గొంతులాంటి గొంతు. అక్క మన మాటే రాసినా అది ఒక్కొక్క పదాన్నీ దులిపి ఆరేసినట్టు పలికేది.

మొదటి రోజు మా అమ్మ ఆదిలాబాద్ దిక్కున్న మా ఊరు బోథ్ నుంచి వచ్చి ఉంది. ఆమెను మేము అవ్వ అనే పిలుస్తాం. అవ్వకు చదువు రాదు. పత్తి చేన్లలో కూలికి పోయి మమ్మల్ని పెంచింది. అక్క పది నిమిషాలు కష్టపడి రెండు మాటలు రాసింది. ల్యాప్‌టాప్ గంభీరంగా అంది: "అవ్వా, తిన్నవా?"

అవ్వ గబుక్కున కొంగు సర్దుకుంది. "తిన్న తల్లీ. మీరు తిన్నరా?"

అక్క భుజాలు ఎగిరిపడ్డాయి. ఆమె నవ్వు అప్పటికి భుజాల్లోనే మిగిలింది. నేను నవ్వీ నవ్వీ గోడకు ఆనుకున్నాను. తర్వాత అవ్వకు అలవాటైంది గానీ, ఆ గొంతును చాలా రోజులు "మీరు" అనే పిలిచింది.

బావకు అలవాటు కాలేదు. వీడియో కాల్‌లో మొదటిసారి ఆ గొంతు "మంచిగున్న, ఫికర్ చెయ్యకు" అనగానే ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అటు చూస్తూనే అన్నాడు:

"గా గొంతు బంద్ చెయ్యి. నువ్వు రాయి, నేను సదువుకుంట."

అప్పటినుంచి నేను ఫోన్‌ను ల్యాప్‌టాప్ తెర ముందు పట్టుకుని కూర్చునేదాన్ని. అక్క ఒక్కొక్క అక్షరం కొడుతుంటే, అక్కడ బావ లారీ పక్కన నిలబడి పెదవులు కదుపుతూ చదువుకునేవాడు. అరగంటలో నాలుగు వాక్యాలు. ఇద్దరిలో ఎవరూ తొందరపడేవాళ్ళు కాదు.

ఏడాదిన్నరకు ల్యాప్‌టాప్ నెమ్మదించింది. ఏవేవో అప్‌డేట్‌లు వచ్చి దాని కొద్దిపాటి జాగా నిండిపోయింది. అక్క అక్షరం కొడితే తెర మీదికి రావడానికి రెండు మూడు క్షణాలు పట్టేది. తాను సరిగా నొక్కలేదనుకుని మళ్ళీ నొక్కేది. చివరికి అన్నీ ఒకేసారి వచ్చి పడేవి. "నీళ్ళు" అని రాయబోతే ఆ చివరి కొమ్ము వరుసగా ఆరు. అవన్నీ చెరపడానికి మళ్ళీ ఆరుసార్లు నొక్కాలి. ఒక రోజు అలాగే జరిగి, అక్క చేయి ఒళ్ళోకి జార్చేసి కళ్ళు మూసుకుంది. నీళ్ళు కూడా తాగలేదు.

నేను ఆదివారం మధ్యాహ్నం కూర్చుని దాన్ని బాగుచేశాను. పని చేతనైనదాన్ని కదా, ధీమాగానే చేశాను. అక్కర్లేనివి తీసేశాను. రాస్తున్నదాన్ని అయిదు నిమిషాలకోసారి దానంతటదే దాచే ఏర్పాటు ఉంది. అది దాచినప్పుడల్లా టైపింగ్ ఆగిపోతోందని దాన్ని ఆపేశాను. చార్జింగ్ అయిపోయే ముందు ఉన్నది ఉన్నట్టు భద్రం చేసుకుని నిద్రపోయే ఏర్పాటు ఇంకొకటి. అది చాలా జాగా తింటుంది. దాన్నీ తీసేశాను. దాచడం ఎంతసేపు, నేను పక్కనే ఉంటాను కదా అనుకున్నాను.

సాయంత్రం అక్క రాసి చూసింది. వేలు తీయగానే అక్షరం పడింది. నా వైపు చూసి "బస్సుకు కొత్త ఇంజన్ ఏసినవ్" అని రాసింది. ఆ మెప్పు చాలా రోజులు నా లోపల దీపంలా వెలిగింది. ఇప్పుడు ఆ వాక్యం తలుచుకోవడానికి భయం.

వేసవి చివర్లో అక్క "బోథ్ పోదాం" అని రాసింది. ఎందుకని అడిగితే "అవ్వ తాన ఉంట" అని రాసింది. అప్పటికి కుడిచేతి చూపుడువేలు ఒక్కటే మాట వింటోంది. గొంతులోకి ముద్ద దిగడం లేదని పొట్టకు గొట్టం వేశారు. డాక్టరు వద్దనలేదు. వద్దనకపోవడంలోనే మాకు సంగతి తెలిసిపోయింది.

బోథ్‌లో అవ్వది రెండు గదుల రేకుల ఇల్లు. కిటికీ దగ్గర పెడితే ఫోన్‌లో ఒక్క గీత సిగ్నల్ వచ్చేది. ఆ ఒక్క గీతతో ల్యాప్‌టాప్ ఒక మాట మాట్లాడి, రెండు మాటలు మింగేది. అందుకని అక్క రాసింది నేనే అవ్వకు చదివి వినిపించేదాన్ని. అవ్వ ఎప్పుడూ అక్క మంచం పక్కనే, నేల మీద కూర్చుని ఉండేది.

గొట్టంలో పోసే పాల పొడి అయిపోయింది. అది బోథ్‌లో దొరకదు. ఆదిలాబాద్ వెళ్ళాలి. పొద్దున అక్కకు స్నానం చేయించి, దిండ్లు పెట్టి కూర్చోబెట్టి, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టి, కొత్త పేజీ తెరిచి బయల్దేరాను. ఇచ్చోడలో బస్సు మారాను. ఆదిలాబాద్‌లో ఫోన్ చార్జింగ్ తగ్గిందని సంచిలో చేయి పెడితే పవర్ బ్యాంకు తగిలింది. ల్యాప్‌టాప్ పక్కన పెట్టి రావాల్సింది, నాతో తెచ్చేసుకున్నాను. అప్పటికి అదేం పెద్ద విషయం అనిపించలేదు.

మధ్యాహ్నం గాలి లేచింది. తర్వాత వాన. తిరుగు బస్సు ఒక చోట రోడ్డు మీద కొమ్మ విరిగిపడితే చాలాసేపు ఆగింది. ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. కరెంటు లేదు. అక్క ఒళ్ళో ల్యాప్‌టాప్ నల్లగా ఉంది. ఆమె కళ్ళు మాత్రం నేను గడపలో కనబడగానే వెలిగాయి.

"నడి పొద్దుకెల్లి రాసింది," అంది అవ్వ. "నాకు రాసింది. నాకేమో సదువొస్తదా? పక్కింటోళ్ళను పిలుస్త అంటె వద్దని కండ్లు మూసింది. కరెంటు పోయింది, అయినా రాస్తనే ఉన్నది. నువ్వు రాంగ జరసేపు ముందే గది బందైంది."

పవర్ బ్యాంకు తగిలించాను. అక్క తెరనే చూస్తోంది. నేను తెరను నావైపు తిప్పుకున్నాను. కాసేపటికి వెలిగింది. రాసిన పేజీ లేదు. వెతికాను. ఉదయం నేను తెరిచింది, పేరు పెట్టనిది, దాచనిది. ఎక్కడా లేదు. దాచే దారులన్నీ నా చేత్తో నేనే మూసేశానని అప్పుడు గుర్తొచ్చింది. పాతబడిన బ్యాటరీ ఇంకా మిగిలి ఉందని చూపిస్తూనే ఒక్కసారిగా ఆగిపోయి ఉంటుంది.

అక్క నా ముఖం చూస్తోంది. ఉందా అని అడుగుతోంది. ఆమె మాటల కంటే కళ్ళే నాకు బాగా తెలుసు అప్పటికి.

"ఉంది అక్కా," అన్నాను. "మొత్తం ఉంది. పొద్దుగాల అవ్వకు సదివి ఇనిపిస్త."

అక్క కళ్ళు మూసుకుంది. ముఖంలో బిగువంతా వదిలిపోయింది. పని ముగించుకుని బస్సు దిగిన రోజుల్లో మంచం మీద వాలితే అలాగే ఉండేది. బాగా అలిసిపోయింది, పొద్దున నిజం చెప్పి, కొంచెం కొంచెంగా మళ్ళీ రాయించుకుందాం అనుకున్నాను. నేను ఆ ఒక్క మాట అనకపోతే, ఆ సాయంత్రమే ఏ రెండు మాటలైనా మళ్ళీ రాసేదేమో.

పొద్దున జ్వరం. ఊపిరి గురగుర. ఆదిలాబాద్ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఊపిరితిత్తుల్లోకి నెమ్ము చేరిందన్నారు. చేయి కదల్లేదు, చూపుడువేలు కూడా. నేను మంచం పక్కన కూర్చుని చెప్పాలని నోరు తెరిచిన ప్రతిసారీ, ఇప్పుడు చెప్పి ఏం లాభం అనుకుని మూసుకున్నాను. నాలుగో రోజు ఉదయం అక్క పోయింది. నిజం ఆమెకు తెలియలేదు. చదివి వినిపించానని అనుకుందో, వినిపిస్తానని ఎదురుచూసిందో కూడా నాకు తెలియదు.

చర్చి వెనక తోటలో, మేము బాపు అని పిలిచే నాన్న సమాధి పక్కనే పెట్టాం. బావ మట్టికి అందలేదు. మరునాడు వచ్చాడు. ల్యాప్‌టాప్ తెరిచి నేను ఎప్పుడెప్పుడో దాచిన పేజీలన్నీ చదివాడు. వీపు దురద. దిండు జరుపు. చీకటైంది లైటెయ్. అవ్వకు ఫోన్ చెయ్. అన్నీ అవే. ఒక్కొక్కటీ పెదవులు కదుపుతూ చదివి, మూసి, నా చేతికిచ్చాడు. "పెద్దగ ఏం రాయలేదా?" అని మాత్రం అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయనకూ చెప్పలేకపోయాను.

కరీంనగర్‌కు తిరిగి రాగానే ల్యాప్‌టాప్‌ను బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. పోయిన ఫోటోలూ ఫైళ్ళూ వెనక్కి తెస్తాడని పేరున్న మనిషి. వారం రోజులు పెట్టుకున్నాడు. వారం తర్వాత వెళ్తే కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

"దాచి పోగొట్టుకుంటె తెస్తనక్కా. గిది ఎన్నడూ దాచనే లేదు. ఏడికెల్లి తేవాలె?"

ల్యాప్‌టాప్ చెడిపోయిందని, రాసింది దుకాణంలో తీస్తారని అవ్వకు చెప్పి వచ్చాను. ఆమె బోథ్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది. "గది సదివినవా బిడ్డా? దుకాణంల తీస్తం అన్నరు గద?" తీస్తున్నారు అని చెప్పేదాన్ని. నెల గడిచింది. ఇక ఆ జవాబే చెప్తూ ఉండలేక ఒక నిర్ణయానికి వచ్చాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది. అప్పుడు మాత్రం అవ్వకు మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

అక్క ఏం రాసి ఉంటుందో నేనే రాశాను. అక్క మాట తీరు నాకు తెలుసు. ఆమెలాగే చిన్న చిన్న వాక్యాలు. దాచాను, రెండుచోట్ల దాచాను. బోథ్ వెళ్ళి, అవ్వ మంచం మీద కూర్చున్నాక కిటికీ దగ్గర ల్యాప్‌టాప్ పెట్టాను. ఆ రోజు సిగ్నల్ బాగానే ఉంది. నా నోటితో చదివితే దొరికిపోతానని భయం వేసి, ఆ గొంతుతోనే చదివించాను.

"అవ్వా. నన్ను మంచిగ జూసుకున్నవ్. నా కోసం రంది పెట్టుకోకు. టైముకు తిను. మందులు ఏసుకో. చెల్లె మీద కోపం జెయ్యకు. దేవుని తాన నేను మంచిగుంట."

గొంతు ఆగింది. అవ్వ ఇంకా తెర వైపే చూస్తోంది.

"అయిపోయిందా?"

"అయిపోయిందవ్వా."

"గిదేనా?"

"గిదే."

అవ్వ తెర మీంచి చూపు నా వైపు తిప్పింది. తర్వాత కోపం లేకుండా, మామూలుగా అంది: "నడి పొద్దుకు మొదలు పెట్టింది. వాన వచ్చినా రాసింది, కరెంటు పోయినా రాసింది. పొద్దు గూకే యాళ్ళదాక రాసింది. గిది నేను నోట్లె వక్క ఏసుకునేలోపల అయిపోయింది. మందులు ఏసుకో అని అది నాకెన్నడన్న చెప్పిందా? గది నువ్వు జెప్పే మాట."

నేను ల్యాప్‌టాప్ మూసేశాను. మూసి, మొత్తం చెప్పాను. దాచే ఏర్పాట్లు తీసేయడం, పవర్ బ్యాంకు, అక్కకు చెప్పిన అబద్ధం, బావకు చెప్పని నిజం. ఏడుస్తూ చెప్పాను కాబట్టి సగం మాటలు ఆమెకు అర్థమై ఉండవు. అవ్వ నా వీపు మీద చేయి వేసింది. తప్పు లేదని అనలేదు. తప్పని కూడా అనలేదు.

ఏడుపు సద్దుమణిగాక అడిగాను. "రాసుకుంట నీ దిక్కు చూసిందా అవ్వా?"

"సూడకేం? జర రాసుడు, నా దిక్కు సూసుడు. సూసినప్పుడల్లా నేను ఊఁ అన్న."

"ఏం రాసిందో తెల్వకుండ ఊఁ ఎట్లన్నవ్?"

"చెప్పేటోళ్ళకు ఊఁ కొట్టాల్నా వద్దా?"

అవ్వ ఆ మధ్యాహ్నమంతా నాకు చెప్పింది. మొదట్లో అక్క కళ్ళలోంచి నీళ్ళు కారాయట. కొంగుతో తుడిస్తే, తుడిచేదాకా ఆగి మళ్ళీ రాసిందట. ఒకచోట వేలు చాలాసేపు కదపకుండా గోడ మీద బాపు ఫోటో వైపు చూసిందట. వాన మొదలయ్యాక చల్లగాలి తగులుతుందని అవ్వ కిటికీ మూయబోతే వద్దని కళ్ళు మూసిందట. రెండుసార్లు నవ్విందట.

"రెండోసారి ఎందుకు నవ్విందో ఎరికే," అంది అవ్వ. "వాకిట్ల నా చెప్పు నీళ్ళల్ల కొట్టుకపోతుంటె నేను ఉరికిన. గది సూసి నవ్వింది."

"మొదటిసారి?"

అవ్వ ఆలోచించింది. గుర్తు తెచ్చుకోవడానికి నిజంగా ప్రయత్నించింది, నుదురు ముడిచి, ఖాళీగా ఉన్న అక్క మంచం వైపు చూస్తూ.

"అప్పుడు ఇంట్ల ఏం కాలె బిడ్డా," అంది. "రాసుకుంట రాసుకుంట నవ్వింది. ఏం యాదికొచ్చిందో."